లోపలి గొళ్లెం

"ఏమే, చాయ్ పెడుతున్నవా, కాలువకు పోయి నీళ్లు తెస్తున్నవా?"

హాల్లో నుంచి మా ఆయన డానియల్ కేక. నేను పొయ్యి ముందు కళ్లు మూసుకుని నిలబడి ఉన్నాను. పెదవుల మీద మా బిడ్డ నిరోష పేరుంది. "ప్రభువా, నిరోష ఎక్కే బస్సును..." అన్నంతవరకు వచ్చాను. ఆ బస్సును ఏం చెయ్యాలో దేవునికి చెప్పకముందే కళ్లు తెరిచి, చాయ్ వడగట్టి, గిలాసలో పోసి పట్టుకుపోయాను. తిరిగి వచ్చేసరికి మా అత్త ఈదమ్మకు వేడినీళ్లు కావాలి. ఆ తర్వాత పాలవాడు. తర్వాత అంట్లు. ఆ బస్సు అట్లా సగం దారిలోనే నిలబడిపోయింది.

దినాం ఇదే వరస. ఇందులో ఏముంది అనుకోవచ్చు. నాకు మాత్రం గుండెలో రాయి పడ్డట్టు ఉంటుంది. మా అమ్మది కోస్గి. పాత చీరలతో బొంతలు కుట్టేది, ఈతాకుతో చాపలు అల్లేది. నాకు ప్రార్థన నేర్పింది కూడా ఆమె, బొంత కుడుతూనే నేర్పింది. "ఆమెన్ అనని ప్రార్థన ముడి వెయ్యని దారమసుంటిది బిడ్డా. కుట్టినవని నువ్వు అనుకుంటవు. ఎవరో కొసపట్టి గుంజుతరు, మొత్తం ఊడొస్తది" అనేది. నిరోష ఐదో తరగతిలో ఉన్నప్పుడు ఒకరోజు పొద్దున దాని కోసం ప్రార్థన చేస్తుంటే మా అత్త "ఉప్పెక్కడ పెట్టినవే" అని పిలిచింది. లేచాను. ఆ సాయంత్రమే పిల్ల సైకిలు మీది నుంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. అప్పటినుంచి నా భయానికి సాక్ష్యం దొరికినట్టయింది.

ఇప్పుడు నిరోష నల్గొండలో నర్సింగు చదువుతోంది. హాస్టల్లో ఉంటుంది. హాస్టల్లో ఫ్యాను ఊడిపడొచ్చు. నీళ్ల ట్యాంకులో బల్లి పడొచ్చు. ఆదివారం ఇంటికి వచ్చే బస్సు కాలువ కట్ట మీద బోల్తా పడొచ్చు. ఫోను ఎత్తకపోతే దానికి జ్వరమొచ్చిందని, ఎత్తితే గొంతు ఎందుకు అట్లా ఉందని... పిచ్చి అని ఆయన అంటాడు. "నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మ నీకు పాలకు బదులు ఫికర్ తాగిపిచ్చినట్టున్నది" అంటాడు. బిడ్డకు ఆయన ఎన్నడూ ఫోను చెయ్యడు. భయపడే పని కూడా ఇంటిపనిలో భాగమే కాబట్టి నాకు వదిలేశాడు.

మా ఇంట్లో వంటిల్లు, హాలు పోను రెండు అర్రలు. ఒకదాంట్లో అత్త మంచం. ఇంకోదాంట్లో యూరియా బస్తాలు, మందు కొట్టే పంపు, మోటరు సామాను. తలుపు గట్టిగా పడేది ఆ యూరియా అర్రకే. సంచులకు చెమ్మ తగలొద్దని ఆయన కొత్త తలుపు పెట్టించాడు. మేం హాల్లో పడుకుంటాం, ఆయన మంచం మీద, నేను కింద చాప మీద. నిరోష పెద్దమనిషి అయినప్పుడు కూడా పిల్లను వంటింటి మూలన చాప అడ్డం కట్టి కూర్చోబెట్టాం కానీ ఆ అర్ర ఖాళీ కాలేదు.

ఆ పొద్దున చాయ్ తాగుతూ ఆయన చెప్పాడు. "కమలాకర్ కొత్తింట్ల ప్రార్థన గది కట్టిస్తున్నడట. మల్లిక చెప్పింది. ఈత చాపలు, మోకాళ్ల కింద బొంత, కిటికీలకు పరదలు, అన్నీ చేతితోటి చేసినవే కావాల్నట. నువ్వు చేస్తవని చెప్పిన."

"నన్ను అడిగిండ్రా?"

"అడుగుడేంది? ఇంట్ల ఖాళీగనే ఉంటవు గద."

కమలాకర్ మా మరిది. కరెంటాఫీసులో కొలువు. మల్లిక అతని భార్య, నా యారాలు, బడిలో టీచరమ్మ. హాలియాలో కిరాయి ఇంట్లో ఉంటూ ఊరి చివర పొలాల పక్కన ఇల్లు కట్టించుకుంటున్నారు. మా మామ కాలంలో సెంటు జాగా లేని ఇంటికి ఇంత దూరం రావడం గొప్పే. నేను కూడా సంతోషించాను, ఇల్లు లేస్తున్నంతవరకు. స్లాబు వేసిన రోజు అందరికీ అన్నాలు వండి పెట్టాను. మార్బుల్ వేస్తే చేతితో తడిమి చూసి మెచ్చుకున్నాను. కానీ ప్రార్థన గది అనేసరికి నా కడుపులో ఏదో కాలింది. కూర మాడినప్పుడు ముందు వాసన వస్తుంది, తర్వాత కదా పొగ. అట్లా మొదట వాసనే వచ్చింది.

దేవునితో మాట్లాడుకోవడానికే ఒక గది! తలుపుతో! అందులో యూరియా ఉండదు. ఎవరి మంచం ఉండదు. లోపలికి పోయి తలుపేసుకుని మొదలుపెట్టిన ప్రార్థన ఆమెన్ దాకా నడుస్తుంది. మల్లిక పిల్లవాడు ఇంకా బడికి పోయే వయసు. వాడు పొద్దున ఇంట్లో, సాయంత్రం ఇంట్లో. వాడికేం భయం? దారుల మీద ఉన్నది నా బిడ్డ. గది ఎవరికి కావాలి, ఎవరికి వచ్చింది? కొత్త ఫ్రిజ్జు కొన్నప్పుడు లేదు నాకీ మంట. మెడలో కొత్త గొలుసు చూసినప్పుడూ లేదు. ఆ నాలుగు గోడల మీద వచ్చింది.

సాయంత్రం మల్లిక స్కూటీ మీద వచ్చింది. ఫోనులో బొమ్మలు చూపించింది. తెల్లటి సున్నం గోడలు, తూర్పుకు కిటికీ, మోకాళ్ల మీద ఉండి బైబిలు పెట్టుకునే చిన్న బల్ల, గోడకు వట్టి చెక్క సిలువ, నేల మీద చాప. ఏమీ లేనట్టే ఉంది, కానీ చూస్తుంటే ఊపిరి నిమ్మళంగా ఆడింది.

"బజారువి వద్దక్కా. ప్లాస్టిక్ పూలు, లైట్లు గిట్ల ఏమొద్దు. చేతితోటి చేసినయి ఉంటే మనసుకు శాంతిగ ఉంటది."

ఎవరి చేతితో అని అడగబోయి ఊరుకున్నాను. మా అత్త మంచం మీది నుంచే అందుకుంది. "మా మల్లికకు ఎంత మంచి ఆలోచన వచ్చింది! చదువుకున్నపిల్ల చదువుకున్నపిల్లనే. ఓ స్వరూపా, పరదలకు నీ పెండ్లిచీర ఉన్నది గద పెట్టెల. తెల్లగ ఉంటది. వట్టిగ ముక్కిపోతాంది."

"అవును గద, దేవుని పనికే గద" అన్నాడు ఆయన.

"వద్దత్తమ్మా, అక్క పెండ్లిచీర ఎట్ల కోస్తరు?" అంది మల్లిక. అంటూనే ఇంకో బొమ్మకు జరిగింది. వద్దనే మంచితనం కూడా ఆమెకే దక్కింది. ఇప్పుడు నేను వద్దంటే పిసినారిని అవుతాను. పెట్టె తీసి చీర ఇచ్చాను. కాదు, ఇవ్వడం ఏముంది, కోసేదీ కుట్టేదీ నేనే. నా చీర నా చేతిలో నుంచి నా చేతిలోకే వచ్చింది. అంచు ముక్క మాత్రం ఒకటి చించి దాచుకున్నాను.

ఈత చాప అల్లడం చూసినవాళ్లకు అల్లడమే కనిపిస్తుంది. ముందు లేత మట్టలు చూసి కోయాలి. మట్ట మొదట్లో ముళ్లుంటాయి, అవి తప్పించుకుంటే ఆకు అంచు కోస్తుంది. ఎండబెట్టాలి, మంచులో పరవాలి, నానబెట్టాలి, చీల్చాలి. జానెడు వెడల్పు పట్టీలుగా అల్లి, ఆ పట్టీలను ఒకదానికొకటి కలిపి కుట్టాలి. అల్లుతున్నంతసేపు మనసుకు పని ఉండదు. మనసుకు పని లేకపోతే అది ఏం చేస్తుందో నాకు బాగా తెలుసు. ఒక పట్టీ నిండా నిరోష బస్సు. ఇంకో పట్టీ నిండా మల్లిక. ఆమె ఈ చాప మీద మోకరించి కూర్చుంటుంది. పక్కన ఎవరూ ఉండరు. కిటికీలో నుంచి వరి కనిపిస్తుంది. నా చీర గాలికి ఊగుతుంది. ఆమె ప్రార్థన నూనెలో ముంచిన దారంలా జారిపోయి చక్కగా ముడి పడుతుంది. ఆమెకు వచ్చే ఫలాలన్నీ అందుకే వస్తాయి. కొలువు, ఇల్లు, మొగుని మన్నన. నాది సగం సగం ప్రార్థన, అందుకే నాది సగం సగం బతుకు. అట్లా అల్లుకుంటూ పోయాను, రెండింటినీ.

ఒక మధ్యాహ్నం నోట్లో నుంచి మాట వచ్చేసింది. "ప్రభువా, ఆ గది వానకు కారాలె."

చేతిలో ఆకు ఆగిపోయింది. ఎంత మాట అన్నాను! వెంటనే భయం పట్టుకుంది. దేవుడు నా మాట వినేవాడైతే ఇదే వింటాడు. విని, నీకెంత కుళ్లు అని నా బిడ్డ హాస్టలు గోడ కూలుస్తాడు. గబగబా ఫోను చేశాను.

"క్లాసుల ఉన్ననే అమ్మా! ఏమైంది?"

"ఏం గాలే. మీ హాస్టలు గోడలకు పగుళ్లున్నయా?"

"ఏంది?"

"గోడల పక్కన పండకు. నడిమిట్ల ఏసుకో మంచం."

నిరోష నవ్వింది. "ఏం చేస్తున్నవు?" అని అడిగింది. చాప అల్లుతున్నానని, చిన్నమ్మ ప్రార్థన గదికని చెప్పాను. నిరోష వెంటనే అంది, "మన యూరియా గది ఖాళీ చేసుకోరాదే నువ్వు గూడ?"

"మీ నాయిన ఊకుంటడా?"

"అడిగినవా?"

అడగలేదు. అడగకుండానే ఆయన ఏమంటాడో నాకు తెలుసు. పదహారేళ్లకు పెళ్లయి వచ్చిన దగ్గరి నుంచి అడగకుండానే తెలుసుకోవడమే నేర్చుకున్నాను. ఏడో తరగతి తర్వాత నేను చదివిన చదువు అదే.

చెక్కపని వడ్ల పరమేష్ చేస్తున్నాడు. మల్లిక పగలు బడికి పోతుంది, కమలాకర్ ఆఫీసుకు పోతాడు, కాబట్టి పనిదగ్గర కాపలా కూడా నాదే. ఇంట్లో వంట చేసి, అత్తకు అన్నం పెట్టి, షేర్ ఆటో ఎక్కి పోయేదాన్ని. పనివాళ్లకు చాయ్ పెట్టేదాన్ని. పరమేష్ పాత వేప దూలం నుంచి బల్లకు పలకలు కోశాడు. కాళ్లు కొయ్యబోతూ ఆగాడు.

"ఎవరమ్మా దీని ముందట మోకాళ్లూనేది? జర ఆమెను కూసోమను. మోచేతి కొలత తీసుకుంట. అటూ ఇటూ అయితే మెడలు నొస్తయి."

మల్లికకు ఫోను చేశాను. వెనక పిల్లల గోల. "ఇప్పుడెట్ల వస్తక్కా? నీదే ఇయ్యి కొలత."

"నువ్వు పొడుగు గద చెల్లె."

"ఎంత, జానెడు. మనిద్దరం ఒకటే అనుకో."

ఫోను పెట్టేసింది. ఇంకోసారి చేసి, కాదు రమ్మని చెప్పి ఉండొచ్చు. చెయ్యలేదు. ఇసుక మీద గోనెసంచి పరిచి మోకరించాను. పరమేష్ పలకను ఇటుకల మీద ఎత్తి నా ముందు పెట్టాడు. ఒక ఇటుక తీసేశాడు. ఇంకో సన్న ఇటుక పెట్టాడు. "ఇప్పుడు చేతులు పెట్టమ్మా" అన్నాడు. పెట్టాను. నా మోచేతులు ఆ చెక్క మీద ఆనాయి.

ఏం జరిగిందో చెప్పడం కష్టం. భుజాలు కిందికి దిగాయి. అవి అన్నేళ్లు పైకెత్తి ఉన్నాయని అప్పటిదాకా నాకు తెలియదు. ఇంట్లో ఏ వస్తువూ నా కొలతకు లేదు. పొయ్యి గట్టు మరిది పెళ్లప్పుడు ఇల్లు బాగు చెయ్యడానికి వచ్చిన మేస్త్రీ తన ఇష్టానికి కట్టాడు, ఎత్తు ఎక్కువ. బట్టలుతికే బండ పల్లంలో ఉంటుంది. మంచాలు ఒకటి అత్త కోసం, ఒకటి ఆయన కోసం తెచ్చినవి. దండెం ఆయన చెయ్యి ఎత్తితే అందేలా కట్టాడు, నేను స్టూలు వేసుకుంటాను. మొదటిసారి ఒక వస్తువును నా ఒంటిని చూసి ఆపారు. కళ్లు మూసుకున్నాను. "ప్రభువా, నిరోష..." అన్నాను.

"అయిపోయిందమ్మా, లేవుండ్రి" అన్నాడు పరమేష్. టేపు చుట్టేసుకున్నాడు.

ఆ రోజు ఇంటికి వస్తుంటే ఆటోలో అసూయ మామూలు అసూయలా లేదు. పన్ను పీకించుకున్న చోటికి నాలుక పోయినట్టు, మాటిమాటికీ అక్కడికే పోయింది. నా కొలతకు చేసిన బల్ల. నేను అల్లిన చాప. నా పెళ్లిచీర పరద. నా మోకాళ్లకు ఎంత మందం కావాలో చూసుకుని కుట్టిన బొంత. అన్నీ నావే, గది ఒక్కటే నాది కాదు.

ప్రతిష్ఠ ప్రార్థనకు పాస్టరయ్య వచ్చాడు. సంఘం వాళ్లంతా వచ్చారు. నేను పొద్దున్నే పోయి పప్పు, కోడికూర, బగారన్నం వండించాను. తలకు నూనె కూడా సరిగ్గా పెట్టుకోలేదు. మల్లిక తెల్ల చీరలో పెళ్లికూతురిలా ఉంది. అందరూ గుమ్మం దగ్గర గుమిగూడి చూస్తున్నారు. "ఎంత సల్లగున్నది!" అన్నారు. "అడుగు పెడితెనే శాంతి వచ్చినట్టున్నది!" అన్నారు. మరిది ఒక్కొక్కటే చూపిస్తున్నాడు. "డిజైనంతా మల్లికదే. అన్నీ చేతిపనులే."

పాస్టరయ్య మల్లికను మొదటి ప్రార్థన చెయ్యమన్నాడు. ఆమె చాప మీదికి పోయి, బొంత మీద మోకాళ్లూని, బల్ల మీద చేతులు పెట్టింది. బల్ల తక్కువైంది. మోచేతులు ఆనాలంటే నడుం వంచాలి. నడుం వంచితే మెడ ముందుకు పడింది. నీళ్లు తాగే ఆవులా అయింది మనిషి. సర్దుకుంది. మళ్లీ వంగింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

"గదేందే, నడుం పట్టినోళ్ల లెక్క వంగినవు?" అంది మా అత్త.

ఆయన నా వైపు తిరిగాడు. నేను అన్నం గరిటె చేతిలో పట్టుకుని గుమ్మం బయట ఉన్నాను. "కొలత తీపిచ్చింది ఎవరు? నువ్వే గద? ఏడో తరగతోళ్లకు అప్పజెప్తే గిట్లనే ఉంటది. నీ కొలతకు చేపిచ్చుకున్నవా ఏంది?"

అందరూ నన్ను చూశారు. పాస్టరయ్య కూడా. నీ కొలత అనే మాట తిట్టు అయిపోయింది.

మల్లిక వంగిన చోటి నుంచే అంది, "నేనే ఇయ్యమన్న బావా. నాదే తప్పు."

"అయ్యో, నీకేం తెలుసమ్మా, నీకు బడి పని ఉంటది గద!" అన్నాడు. నవ్వాడు. అదే నోరు. నాకు ఒకటి, ఆమెకు ఒకటి. "పరమేష్‌కు చెప్పి కాళ్లు పెంచుదాం తియ్యి. పాస్టరయ్యా, మీరు కానియ్యండి."

ప్రార్థన అయింది. భోజనాలు అయ్యాయి. ఇంటి వెనక నల్లా దగ్గర గంగాళాలు తోముతుంటే మల్లిక వచ్చి పక్కన కూర్చుంది. తెల్లచీర కుచ్చిళ్లు పైకి దోపింది. ఒక గిన్నె తీసుకుంది.

"లెవ్వు, చీర ఆగమైతది" అన్నాను. గొంతు నాకే కరుకుగా వినిపించింది.

"కానియ్యి." కాసేపు తోమింది. "అక్కా, ఆ గది తలుపుకు లోపట గొళ్లెం చూసినవా?"

గుర్తు చేసుకున్నాను. బయట ఇత్తడి గొళ్లెం ఉంది. లోపల మేకుల బెజ్జాలు కనిపించినట్టు గుర్తు.

"పరమేష్ బిగిచ్చిండు. ఈయన తీపిచ్చిండు. 'దేవుని గదిల నీకు గొళ్లెమెందుకు, ఎవరికి చాటు' అన్నడు. ఇన్వర్టరు బ్యాటరీ గూడ ఆ గదిలనే పెడుతరట, సల్లగ ఉంటదని. సుట్టాలొస్తే పండవెట్టొచ్చట. నాకేం మిగిలింది? డిజైను."

నాకు మొదట కలిగింది ఏమిటో దాచను. సంతోషం. చిన్న, పాడు సంతోషం. వాన రాకుండానే ఆ గది కారింది అనుకున్నాను. ఆమె మొహం చూశాక ఆ సంతోషం గొంతు దాటి కిందికి పోలేదు.

"మరి నువ్వు ప్రార్థన ఏడ చేసుకుంటవు?" అని అడిగాను.

"బస్సుల. స్కూటీ ఖరాబైతే బస్సుల పోత గద, ఆ దినం. కిటికి పక్క సీటు దొరకాలె. అందుకే దాన్ని జల్ది బాగు చేపియ్య." నవ్వింది. "నువ్వంటే నాకు ఎంత కుళ్లో తెలుసా అక్కా? నిరోష దినాం నీకే ఫోను చేస్తది. అత్తమ్మ గూడ చావనైనా చస్త గని స్వరూప చేతి కూడే తింటనంటది."

"అత్తమ్మ కోసం కుళ్లు ఎందుకు, ఇయ్యాల్నే తోలుకపో" అన్నాను. "ఆటో నేనే మాట్లాడుత."

మల్లిక గిన్నె కింద పెట్టి చేత్తో నోరు మూసుకుని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. మసిచేతులతో ఇద్దరం నవ్వాం. అంతటితో నా అసూయ పోయిందని అనను. ఆమెకు జీతం ఉంది, నాకు లేదు. ఆమెను అమ్మా అని పిలిచే నోరు నన్ను ఏమే అంటుంది. అవి అట్లానే ఉన్నాయి. కానీ ఆ గదిలో ఆమె తలుపేసుకుని కూర్చున్నట్టు రోజూ నేను చూసిన బొమ్మ ఉంది కదా, అది నేను అల్లిందే. ఆమె కూడా నాలాగే ఆమెన్ దాకా పోలేక సగంలో లేచే మనిషి.

భోజనానికి వచ్చిన పరమేష్ బల్లను కాళ్లు పెంచడానికి బయటికి మోసుకొస్తున్నాడు. చేతులు కడుక్కుని అడ్డం పోయాను.

"దానికి కాళ్లు పెంచకు. అది నా కొలతకు చేసింది. మా ఇంటికి తీసుకరా. మల్లిక కొలత తీసుకుని ఆమెకు ఇంకోటి చెయ్యి."

ఆయన కుర్చీలో కూర్చుని తమలపాకు నములుతున్నాడు. "మనింటికా? యాడ పెడుతవు?"

"యూరియా అర్రల."

"మరి యూరియా?"

"నీ మంచం కింద."

అందరి ముందు నవ్వాలో కోప్పడాలో ఆయనకు తెలియలేదు. "మంచం కింద పెడితే ఒక్క రాత్రి పండుకుంటవా ఆ వాసనకు?" అన్నాడు.

"ఆ వాసన పీల్చుకుంట బిడ్డ పుస్తకాలు చదువలేదా అర్ర గడప మీద కూసోని? నాలుగేండ్లు చదివింది. ఎక్కువైతే పశువుల కొట్టంల పెట్టుకో. చెక్కలు పరిచి పెడితే చెమ్మ రాదు."

మాటలు నావేనా అని నేనే విన్నాను. ఇప్పుడు కొడతాడేమో. పుట్టింటికి పొమ్మంటాడేమో. నిరోష చదువు మాన్పిస్తాడేమో. తలలో వరసగా అన్నీ వచ్చి నిలబడ్డాయి. ఎప్పుడూ వచ్చేవే. వాటిని నిలబడనిచ్చాను. మా అత్త "దేవుని పనికి గూడ లొల్లేనా" అంది. "దేవుని పనికే గద అత్తా" అన్నాను. పెళ్లిచీర నాడు వాళ్లన్న మాటే.

పరమేష్ బల్ల దించి అడిగాడు, "గొళ్లెం గూడ కావాల్నా అమ్మా?"

"కావాలె. లోపటికి. రెండు తే."

"ఒక తలుపుకు రెండెందుకు?"

"ఒకటి మా తలుపుకు."

రెండోది పాత గుడ్డలో చుట్టి తర్వాతి వారం మల్లిక సంచిలో పెట్టాను. బిగించుకుంటుందో లేదో ఆమె ఇష్టం. నేను అడగలేదు.

బస్తాలు కొట్టంలోకి పోవాలనేసరికి ఆయన పది దినాలు ముఖం ముడుచుకుని తిరిగాడు. చివరకు నేనే ఒక్కొక్కటీ ఈడ్చి పెట్టాను. అర్ర కడిగితే ఎంత కడిగినా ఆ ఘాటు పోలేదు. కళ్లలో నీళ్లు వస్తాయి. ప్రార్థనలో నీళ్లు వస్తే దేవుడు తప్పు పట్టడులే అనుకున్నాను. మిగిలిన ఈతాకుతో చిన్న చాప అల్లుకున్నాను. బల్ల మీద దాచుకున్న చీర అంచు పరిచాను. తెల్ల సున్నానికి జరుగుబాటు లేదు, గోడల మీద సంచులు ఆనిన మరకలు అట్లానే ఉన్నాయి. మల్లిక ఫోనులో బొమ్మలా లేదు. తలుపు మాత్రం గట్టిగా పడింది.

ఆదివారం సాయంత్రం నిరోష బస్సెక్కే వేళ. హాస్టలుకు తిరిగిపోతోంది. బస్సులాగే అడ్డమీద దిగబెట్టి వచ్చి, లోపలికి పోయి, గొళ్లెం పెట్టి మోకరించాను. మోచేతులు వాటి చోటికి అవే పోయాయి.

"ప్రభువా, నిరోష ఎక్కిన బస్సును..."

బయట ఫోను మోగింది. బస్సు. కాలువ కట్ట. ఎవరో తెలియనివాళ్లు దాని ఫోను నుంచి చేస్తున్నారు. ఒక మోకాలు అప్పుడే పైకి లేచింది.

"ఏమే! నిరోష ఫోను!" తలుపు మీద ఆయన చెయ్యి పడింది. తలుపు కదిలింది, తెరుచుకోలేదు. "ఏమే, వినిపిస్తలేదా? గొళ్లెం తియ్యి!"

నా చెయ్యి గొళ్లెం దాకా పోతుందేమో అని చూశాను. బల్ల మీదే ఉంది.

"ఎత్తి మాట్లాడు" అన్నాను.

"నేనా? నేనేం మాట్లాడాలె?"

"బిడ్డ నీకు గూడ పుట్టింది. సీటు దొరికిందా అని అడుగు. తిన్నవా అని అడుగు."

ఫోను మోగుతూనే ఉంది. మోగడం ఆగింది. అప్పుడు తలుపు అవతల ఆయన గొంతు, తెలియని ఇంటి తలుపు తట్టే మనిషి గొంతులా వచ్చింది.

"హలో... ఆ, నేనే బిడ్డా, నాయినను. మీ అమ్మ లోపట ఉన్నది. లే, ఏం గాలే, ప్రార్థన చేస్తాంది... సీటు దొరికిందా? కిటికి పక్కనా? ఆ... చెయ్యి బయట పెట్టకు. బస్సు జోరుగ పోతాందా? డ్రైవరు ఎసొంటోడు?"

లేచిన మోకాలిని మళ్లీ చాప మీదికి దించాను. బయట ఆయన అడుగుతూనే ఉన్నాడు. నేను కళ్లు మూసుకుని మళ్లీ మొదటి నుంచి అందుకున్నాను. ఆ బస్సును ఏం చెయ్యాలో ఈసారి దేవునికి చివరిదాకా చెప్పాను.